ఒక్క రోజు ఊరు - మూడో పాఠం: లేని గుడిని వెతకడం

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. మీ ఊరి నడిబజార్లో అరగంట నిలబడి, ఇప్పుడు అక్కడ లేనిదాని గుర్తు ఒక్కటి పట్టుకోమన్నాను. పూడ్చిన బాయి గట్టురాయి కావచ్చు, మూతబడ్డ గిర్ని గోడ కావచ్చు, ఏది రాసుకున్నా సరే. అదే చూపుతో ఈసారి వరంగల్ పోదాం.

కరీంనగర్ నుంచి హుజూరాబాద్, ఎల్కతుర్తి మీదుగా హన్మకొండకు సుమారు 70 కిలోమీటర్లు. పొద్దుగాల బస్సే ఎక్కండి. ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్ ఇస్తారు, ఆధార్ కార్డు మరవొద్దు. టిఫిన్‌లో సర్వపిండి పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా హోటల్ వెతుకులాట ఉండదు. ఇంతకు మించి సామాను వద్దు. నోటుబుక్కు, పెన్సిల్, నీళ్లు చాలు.

నేను మొదటిసారి పోయినప్పుడు ఒక్క రోజులో ఏడు చోట్లు తిరిగాను. ఇంటికొచ్చాక ఏ స్తంభం ఏ గుడిదో చెప్పలేకపోయాను. అందుకే ఈ పాఠంలో నేను గట్టిగా అడిగేది ఒక్కటే: ఒక్క ప్రశ్న పట్టుకుని పోండి. మన ప్రశ్న ఇది: వరంగల్ కోటలో కాకతీయులు కట్టించిన, ఇప్పుడు లేని శివుడి గుడి, స్వయంభూ దేవాలయం ఎక్కడుండేది?

హన్మకొండ బస్టాండ్ నుంచి ఆటోలో ఖిలా వరంగల్‌కు పోండి. ముందు మట్టికోట వస్తుంది, తర్వాత రాతికోట. రాతికోట గుమ్మం దగ్గర ఆటో దిగి నడవండి. దారి తిన్నగా లోపలికి పోదు, ఒక పక్కకు తిరిగి మళ్లీ ఇంకో పక్కకు తిరుగుతుంది. దండు ఊపుమీద వచ్చి తలుపును గుద్దకుండా కట్టిన వంకర అది. గోడలో బండకు బండకు మధ్య సున్నం కనిపించదు. అక్కడ రెండు నిమిషాలు ఆగండి.

లోపల కోట మధ్యలో నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు, అంటే ఆ గుడి ఆవరణకు పెట్టిన రాతి ద్వారాలు, నిలబడి ఉంటాయి. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో మనం రోజూ చూసే తోరణం ఇదే. అందరూ ఒకదాని కింద ఫోటో దిగి వెళ్లిపోతారు. మీరు ఇలా చేయండి. తూర్పు తోరణం కింద నిలబడి పడమటి తోరణాన్ని చూడండి. ఆ దూలాల నడుమ నుంచి అవతలిది కనిపిస్తుంది. ఇప్పుడు అడుగులు లెక్కపెడుతూ నడిచి, ఆ సంఖ్య రాసుకోండి. ఉత్తర తోరణం నుంచి దక్షిణానికీ అట్లనే నడవండి. రెండు లెక్కలూ సమానంగా రావు. ఏది ఎక్కువో మీరే తేల్చండి. ఆ రెండు దారులూ కలిసే చోటే గుడి ఆవరణ నడిబొడ్డు. చుట్టూ విరిగిన స్తంభాలు, చెక్కిన దూలాలు, నంది ముక్కలు పరిచి ఉంటాయి. వాటిలో ఏది పైకప్పుదో, ఏది గడపదో ఊహించి బొమ్మ వేయండి. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే చెక్కడంలోని నీడలు తేటగా కనబడతాయి, నడినెత్తికి వస్తే రాయి బోసిపోతుంది.

నేను అడుగులు లెక్కపెడుతుంటే మేకలు కాస్తున్న ఒక ముసలామె అడిగింది: "ఏం కొలుస్తున్నవ్ బిడ్డా?"

"గుడి ఎంతుండెనో చూస్తున్న పెద్దమ్మా."

"గుడి ఇంత పెద్దగుంటే, దాని నీడ మా ఇండ్ల దాక వచ్చేదేమో."

కోట లోపల ఇప్పటికీ ఊరుంది, ఇండ్లున్నాయి. ఆ మాట విన్నాక నేను ఆ ఇండ్లవైపు తిరిగి, గుడి ఎత్తును మళ్లీ గీశాను.

కాకతీయ ప్రతాపరుద్రుడి కాలంలో, 1323లో ఢిల్లీ సేన ఉలుగ్ ఖాన్ నాయకత్వంలో కోటను గెలుచుకుంది. ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు మార్చారు. గుడి పోయింది, తోరణాలు మిగిలాయి. కొద్ది దూరంలోనే ఖుష్‌మహల్ అనే పాత దర్బారు మందిరం ఉంది. దాని గోడలు కింద మందంగా ఉండి పైకి పోనుపోను లోపలికి వాలతాయి. తోరణం చూసిన కళ్లతో వెంటనే దాన్ని చూస్తే, కాకతీయుల చేతిపనికీ, తర్వాత వచ్చిన పాలకుల చేతిపనికీ ఎంత తేడానో పుస్తకం లేకుండానే తెలుస్తుంది.

సాయంత్రం హన్మకొండలో వేయిస్తంభాల గుడి దగ్గర దిగండి. కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్ల గుడి అది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒకే మండపం. ఎదురుగా ఉన్న కల్యాణమండపాన్ని 2006లో విప్పారు, 2024లో తిరిగి నిలబెట్టి తెరిచారు. పొద్దున లేని గుడిని ఊహించారు కదా, ఇక్కడ విప్పి మళ్లీ పేర్చిన కట్టడం ముందు నిలబడి కొత్త రాయి ఎక్కడ, పాత రాయి ఎక్కడ అని వెతకండి. రంగులో, నునుపులో తేడా చూడండి. భద్రకాళి చెరువు గట్టు మీద కూర్చోవాలని మనసు లాగుతుంది. ఈసారికి వదిలేయండి.

వచ్చే పాఠానికి మీ అడుగుల లెక్కలు రెండూ, గుడి బొమ్మ ఒకటీ సిద్ధంగా ఉంచుకోండి. వాటితో స్కేలు పెట్టి పటం గీయడం నేర్చుకుందాం.