ధూళి ప్లాస్మాలో కణాల వేగం – 4వ పాఠం: చుక్క మధ్య ఎక్కడ?

పోయిన పాఠంలోని వీడియోలో ధూళి ప్లాస్మా ఉంది, అంటే అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వాయువులో తేలే సన్నని గుండ్లు; ఒక్కో కణం ఒక వెలుగు చుక్కగా కనిపిస్తుంది. ఆ చుక్కల వేగానికి మీరు పంపిన లెక్కలు చూశాను. అమలాపురం కాగితాల్లోనూ తణుకు కాగితాల్లోనూ ఒకటే వరస: వేగం సున్నా, లేదంటే సెకనుకు 2 మి.మీ., లేదంటే 4. మధ్యలో ఏమీ లేవు. కణాలు అలా మెట్లెక్కినట్టు నడవవు. కొత్త పాఠం ఆపి ముందు ఇది సరిచేద్దాం.

"చుక్క మధ్యను గుర్తించండి" అని వదిలేశాను, ఎలాగో చెప్పలేదు. మీరు ఎక్కువ వెలుగున్న పిక్సెల్‌నే మధ్య అనుకున్నారు. మన వీడియోలో పిక్సెల్‌కి 20 మైక్రోమీటర్లు, సెకనుకు 100 ఫ్రేములు. చుక్క పిక్సెల్ దాటితే 2 మి.మీ., దాటకపోతే సున్నా. కానీ 7 మైక్రోమీటర్ల మెలమైన్ (ఒక రకం ప్లాస్టిక్) గుండు గది వేడికి ఊగే వేగం ఒక దిక్కున సెకనుకు సుమారు 0.12 మి.మీ. మాత్రమే!

వెలుగును బట్టి భారిత సగటు తీయాలి: ఒక్కో పిక్సెల్ నంబరును దాని వెలుగుతో గుణించి, అన్నీ కూడి, మొత్తం వెలుగుతో భాగించాలి. 11, 12, 13 పిక్సెళ్ల వెలుగు 40, 100, 60 అనుకోండి. చుట్టూ ఉన్న చీకటిది 20, దాన్ని ముందే తీసేస్తే 20, 80, 40. సగటు 12.143. తరవాతి ఫ్రేములో 40, 90, 70. 20 తీసేస్తే సగటు 12.214. తేడా 0.071 పిక్సెల్, అంటే సెకనుకు 0.14 మి.మీ. మీ పద్ధతిలో రెండుసార్లూ 12వ పిక్సెలే, కణం కదలనే లేదు.

ఆ 20 తీయడం దయచేసి మరవకండి. తీయకపోతే సగటులు 12.10, 12.15 వస్తాయి, వేగం 0.10కి పడిపోతుంది. చీకటి కూడా తూకంలో కూర్చుని చుక్కను నడిమికి లాగేస్తుంది. సాఫ్ట్‌వేర్ చేసేస్తుందిలే అనుకోవద్దు. నేనైతే మొదటి పది చుక్కలు నోటుపుస్తకంలో చేత్తోనే వేస్తాను.

చుక్క ఒక్క పిక్సెల్లోనే పడితే ఏ సగటూ పనిచేయదు. ఫోకస్ కాస్త తప్పించి మూడు నాలుగు పిక్సెళ్ల వెడల్పు రానివ్వండి. బొమ్మ మసగ్గా ఉందని బెంగ వద్దు. తరవాత సగటుల్లో దశాంశ భాగాలు మాత్రం తీసి చూడండి: 0 నుంచి 1 దాకా సమంగా పరుచుకోవాలి. సున్నా దగ్గర గుమిగూడితే ఇంకా తప్పుంది.

అభ్యాసం: పంట కాలువ వంతెన మీద ఫోన్ ఆనించి, నీళ్లలో గుప్పెడు మరమరాలు, కొలతకి మీటరు వెదురు బద్ద వేసి పది సెకన్లు తీయండి. గట్టున పాతిన గుంజ మీద సున్నపు బొట్టు పెట్టి దాన్నీ ఫ్రేములోకి రానివ్వండి. ఇరవై మరమరాల వేగం కట్టండి, బొట్టు వేగం కూడా. కదలని బొట్టుకి ఎంత వేగం వస్తే మీ కొలతలో అంత పొరపాటు. నాకు ఆ అంకె ముందు పంపండి, మరమరాలవి తరవాత.