కామిక్ యానిమేషన్‌లో నిజమైన నటుణ్ణి కలపాలంటే ముందు కదలికను సరిచేయండి

కామిక్ శైలి యానిమేషన్‌లో కెమెరాతో తీసిన నటుణ్ణి కలిపేటప్పుడు చాలామంది మొదట రంగుల మీద దృష్టి పెడతారు గానీ, నా అనుభవంలో అతుకు ముందుగా బయటపడేది కదలికలోనే. చేతితో గీసే యానిమేషన్‌లో తరచుగా ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలుపుతారు కాబట్టి, సెకనుకు 24 ఫ్రేములున్నా కంటికి కనిపించేవి 12 బొమ్మలే. వాటి పక్కన 24 ఫ్రేముల్లోనూ నున్నగా కదిలే మనిషి వేరే లోకం నుంచి వచ్చినట్టుంటాడు. అందువల్ల ఫుటేజీలో కూడా ఫ్రేము విడిచి ఫ్రేమును తీసేసి, మిగిలినదాన్ని రెండు ఫ్రేముల సేపు నిలపండి.

షూటింగ్ నాడే కెమెరా షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని సెకనులో 200వ వంతుకో అంతకంటే తక్కువకో పెట్టుకుంటే (దీనికి వెలుతురు బాగా కావాలి), విసిరిన చేయి మసకబారకుండా వేళ్లు విడివిడిగా దొరుకుతాయి. నటుణ్ణి బొమ్మలా చూపేందుకు తర్వాత వేసే సిరా గీత, మసకబారిన అంచు చుట్టూ ఎంత ప్రయత్నించినా నిలవదు.

ఈ గీతల ఎఫెక్ట్ వేసే ముందు నాయిస్‌ను (ఫుటేజీలో గరుకుగా కనిపించే సన్నని చుక్కలు, అంటే గ్రెయిన్) తప్పనిసరిగా తొలగించండి. లేకపోతే బుగ్గ మీది గ్రెయిన్ ప్రతి ఫ్రేములో కొత్త చుక్కలుగా మారి, ముఖమంతా చీమలు పాకుతున్నట్టు కనిపిస్తుంది. తర్వాత వెలుగునీడలను మూడు నాలుగు మెట్లకు కుదించి, గీత మందాన్ని పక్కనున్న బొమ్మ గీతతో పోల్చి సరిచేయండి. హాఫ్‌టోన్ చుక్కలను (అచ్చు కామిక్స్‌లో ఛాయల కోసం వాడే చిన్న చుక్కలు) మాత్రం నటుడికీ నేపథ్యానికీ కలిపి ఒకే పొరగా చివర్లో వేయండి; రెండూ ఒకే కాగితం మీద అచ్చయ్యాయన్న భావన అక్కడి నుంచే వస్తుంది.