పాత డెస్క్‌టాప్‌కు గ్రాఫిక్స్ కార్డ్ – 4వ పాఠం: ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే రావట్లేదు

పోయినసారి కార్డును స్లాట్‌లో కూర్చోబెట్టి, చివర క్లిప్పు టక్‌మనేదాకా నొక్కి, స్క్రూ బిగించాం. పవర్ నొక్కగానే తెర వెలిగినవాళ్లు ఈ పాఠం వదిలేసి నేరుగా డ్రైవర్ల పాఠానికి వెళ్లొచ్చు. మిగతావాళ్లు కూర్చోండి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ మీద మాత్రం ‘నో సిగ్నల్’.

మన మెషీన్ గుర్తుందిగా? ఏదో ఆఫీసువాళ్లు తీసేసిన డెస్క్‌టాప్, 2012 నాటి ఐ5-3470 ప్రాసెసర్. అందులో జీటీఎక్స్ 1050 టీఐ పెడుతున్నాం.

కార్డు పోయిందని అప్పుడే టెన్షన్ పడకండి. ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: కంప్యూటరే లేవలేదా, లేచినా బొమ్మ రావట్లేదా? అది కీబోర్డు చెబుతుంది. పవర్ ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగి నమ్‌లాక్ నాలుగుసార్లు నొక్కండి. నొక్కినప్పుడల్లా లైటు వెలిగి ఆరుతుంటే మెషీన్ లేచినట్టే. లైటు ఉలకకపోతే మెషీన్ మొదట్లోనే ఆగిపోయింది. లైటు లేని కీబోర్డు అయితే పక్కింట్లో పాతది అడిగి తెచ్చుకోండి, ఈ పరీక్ష మాత్రం మానొద్దు.

లైటు వెలుగుతోందనుకుందాం. క్యాబినెట్ వెనక్కి వెళ్లి చూడండి. యూఎస్‌బీ పోర్టుల పక్కన నిలువుగా ఉన్నవి మదర్‌బోర్డు పోర్టులు, వాటికి కింద అడ్డంగా ఉన్నవి కార్డువి. కేబుల్ కార్డుకే ఉందా? నవ్వకండి. మా బావమరిది మెషీన్‌తో నేను రెండు గంటలు కుస్తీ పట్టాను. ర్యామ్ తీసి పెట్టాను, మదర్‌బోర్డు మీది సెల్ తీసి పెట్టాను, చివరికి కార్డు వాపసు ఇచ్చేద్దామని డబ్బా కోసం వెతుకుతుంటే వాళ్లమ్మాయి వచ్చి, “మామయ్యా, వైరు పాత చోటే పెట్టారేంటి?” అంది.

మానిటర్ పాతదై వీజీఏ (అనలాగ్ సిగ్నల్ తీసుకునే పాత పోర్టు) ఒక్కటే ఉంటే ఇంకో చిక్కు. 1050 టీఐ నుంచి అనలాగ్ సిగ్నల్ అసలు రాదు. దాని డీవీఐ అనే వెడల్పాటి పోర్టును దగ్గరగా చూడండి: వెడల్పాటి చీలిక చుట్టూ ఉండాల్సిన నాలుగు చిల్లులు ఉండవు. అందుకే రెండువైపులా మూతులు మాత్రమే ఉన్న చవక కేబుల్ పనిచేయదు, సిగ్నల్‌ను మార్చే చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ-వీజీఏ కన్వర్టర్ కావాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మీ ‘1050 టీఐ’కి నీలం రంగు వీజీఏ పోర్టే ఉందా? అయితే అది వేరే పాత కార్డు, పేరు మార్చి అంటగట్టారు. జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాంతో దాని బండారం బయటపెట్టడం వచ్చే పాఠంలో చూద్దాం.

ఇక లైటు వెలగని వాళ్ల సంగతి. మెయిన్ స్విచ్ ఆపి, వైరు పీకి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి ఉంచండి, మిగిలిన ఛార్జి పోతుంది. కార్డు బయటికి తీసి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి మళ్లీ పెట్టండి. అయినా లేవలేదు, కార్డు తీసేస్తే మాత్రం మామూలుగా లేస్తోంది అంటే అనుమానం రెండింటి మీదే: ఎస్‌ఎంపీఎస్ (అన్నిటికీ కరెంటు పంచే డబ్బా), బయోస్ (మెషీన్‌ను లేపే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాం).

ఎస్‌ఎంపీఎస్ మీద పెద్దక్షరాల అంకెను నమ్మకండి. నా దగ్గరున్న ఒకదాని మీద 450 వాట్లని ఉంది. స్టిక్కరులో 12 వోల్టుల గడి చూస్తే 14 ఆంప్స్. 14ను 12తో గుణిస్తే 168 వాట్లు. ప్రాసెసర్‌కూ, కార్డుకూ కావాల్సింది ఈ గడిలోంచే. ప్రాసెసర్ 77, కార్డు 75, కలిపి 152. మిగిలిన 16 వాట్లతో హార్డ్ డిస్కు, ఫ్యాన్లు సర్దుకోవాలి. ఇలాంటి మెషీన్ విండోస్ తెర దాకా వచ్చేస్తుంది, గేమ్ తెరిచిన పది నిమిషాలకు ఠక్కున ఆరిపోతుంది. ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోతుంటే మాత్రం ఎస్‌ఎంపీఎస్ మొదట్లోనే చేతులెత్తేసిందనో, ఎక్కడో షార్ట్ ఉందనో అర్థం.

స్లాట్ ఇవ్వగలిగేది 75 వాట్లే. చాలా 1050 టీఐలు దాంతోనే సరిపెట్టుకుంటాయి, కొన్నింటికి మాత్రం 6 పిన్నుల వైరు అడిగే సాకెట్ ఉంటుంది. ఆ సాకెట్ ఖాళీగా వదిలేస్తే డిస్‌ప్లే రాకపోవచ్చు. మన ఎస్‌ఎంపీఎస్‌కు అలాంటి వైరు లేదని షాపువాళ్లు సాటా (హార్డ్ డిస్కుకు కరెంటిచ్చే వైరు) నుంచి 6 పిన్నుకు మార్చే అడాప్టర్ చేతిలో పెడతారు. వద్దనండి. సాటా మూతిలో 12 వోల్టుల పిన్నులు మూడు, ఒక్కోటి ఒకటిన్నర ఆంప్ మోస్తుంది. అంటే 54 వాట్లు. 6 పిన్నుల సాకెట్ 75 దాకా లాగొచ్చు. నేనూ ఒకసారి పెట్టి చూశాను. మూడో వారానికి కాలిన వాసన వచ్చింది, తెల్లటి ప్లాస్టిక్ మూతి గోధుమ రంగుకు తిరిగింది. నిప్పు అంటుకోలేదు, అంతవరకు నా అదృష్టం.

కరెంటు లెక్క కుదిరినా లేవకపోతే బయోస్. వైరు పీకేసి, మదర్‌బోర్డు మీదున్న సీఆర్2032 సెల్ తీసి పది నిమిషాలు ఆగి పెట్టండి. పదేళ్ల నాటి సెల్ అయితే కొత్తదే వేసేయండి. అప్పటికీ కాకపోతే కార్డు తీసేసి, మదర్‌బోర్డు డిస్‌ప్లేతోనే కంపెనీ సైట్ నుంచి మీ మోడల్‌కు వచ్చిన ఆఖరి బయోస్ ఎక్కించండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు మూలన పడుతుంది, యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. తర్వాత బయోస్‌లో ప్రైమరీ డిస్‌ప్లే అన్నచోట పీఈజీ గానీ, పీసీఐఈ గానీ (రెండూ కార్డు స్లాట్ పేర్లే) ఎంచుకోండి. అక్కడే లెగసీ, యూఈఎఫ్ఐ (మెషీన్ లేచే పాత, కొత్త పద్ధతులు) అనే ఎంపిక కూడా కనిపిస్తుంది. మార్చి చూడొచ్చు. కాకపోతే పాత పద్ధతిలో, అంటే ఎంబీఆర్ అనే పాత అమరిక ఉన్న డిస్కు మీద ఎక్కించిన విండోస్ యూఈఎఫ్ఐలో లేవదు, ‘బూట్ డివైస్ లేదు’ అంటుంది. అది కార్డు తప్పు కాదు, మళ్లీ లెగసీకి తిప్పేయండి.

వచ్చే పాఠంలోపు ఎస్‌ఎంపీఎస్ స్టిక్కరు ఫొటో తీసి, 12 వోల్టుల గడి లెక్క కట్టి పెట్టుకోండి. కొన్నింటిలో ఆ గడులు రెండుంటాయి, రెంటినీ కలిపేయకుండా కింద మొత్తం వాట్లు ఎంత రాశారో చూడండి. సైడ్ ప్యానెల్ అప్పుడే బిగించకండి, ఇంకా పనుంది.