రంగు వేసినా వెల్డింగ్ అతుకు దగ్గరే తుప్పు ఎందుకు లేస్తుంది? సమస్య - పరిష్కారం

కళింగపట్నం, బారువ, భావనపాడు వంటి తీర గ్రామాల్లో ఏ ఇంటి గేటునైనా దగ్గరగా చూస్తే, కమ్మీల మధ్యభాగం బాగానే ఉన్నా అతుకుల చుట్టూ మాత్రం రంగు పొంగి, దాని కింద నుంచి ఎర్రటి తుప్పు చారలు దిగి ఉండడం తరచుగా కనిపిస్తుంది. నేరమంతా ఉప్పుగాలిదేనని సరిపెట్టుకుంటాం. కానీ అదే గాలి కమ్మీ మొత్తానికీ తగులుతున్నప్పుడు అతుకే ముందుగా చెడుతోందంటే, వెల్డింగ్ తర్వాతి శుభ్రత సగంలో ఆగిపోయిందన్నమాట.

సమస్య: అతుకు మీద రంగు పొంగి, పెచ్చులుగా ఊడడం

కారణం: వెల్డింగ్ రాడ్ పైపూత కరిగి అతుకుపై స్లాగ్‌గా గడ్డకడుతుంది. సుత్తి దెబ్బకు పెద్ద పెచ్చు ఊడిపోయినా, అతుకు అంచున, మూలల్లో గాజులాంటి సన్నని పొర మిగిలిపోతుంది. రంగు ఆ పొరను పట్టుకుంటుంది గాని, ఆ పొర ఇనుమును గట్టిగా పట్టుకోదు. చుట్టూ చిమ్మిన లోహపు బుడిపెల కొనల మీద రంగు పలచబడి, తేమ అక్కడి నుంచే లోపలికి దిగుతుంది.

పరిష్కారం: అతుకు చల్లారాక, కళ్లజోడు పెట్టుకుని, చిప్పింగ్ సుత్తితో పెచ్చు కొట్టి, లోహం మెరిసేదాకా వైర్ బ్రష్‌తో రుద్దాలి. బ్రష్ చేరని మూలలను సుత్తి మొనతో గీకాలి. బుడిపెలను ఉలితో లేపి, గ్రైండర్‌కు బిగించే 60 లేదా 80 నంబరు ఫ్లాప్ డిస్క్‌తో (గరుకు కాగితపు రేకుల చక్రం) తేలికగా నునుపు చేయాలి. తీర ప్రాంతంలో అదనంగా మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అదే రోజు ప్రైమర్ వేయాలి. లేకపోతే ఉప్పు రంగు కిందే ఉండిపోతుంది. ప్రైమర్‌ను ముందుగా కుంచెతో అతుకులకూ అంచులకూ పట్టించి, ఆ తర్వాతే మొత్తానికి వేయడం మేలు. స్లాగ్ మీద పుట్టీ పూసి కప్పేయడాన్ని మాత్రం నేను ఎంతమాత్రం సమర్థించలేను.

సమస్య: స్లాగ్ సుత్తికి లొంగకపోవడం

కరెంటు తక్కువ పెట్టడం, అతుకు అంచున గాడి పడడం, వానాకాలంలో విప్పిన ప్యాకెట్టులోని రాడ్లు చెమ్మగిల్లడం ఇందుకు సాధారణ కారణాలు. రాడ్లను మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఉంచాలి. మొదటి వరుస పూర్తిగా శుభ్రం కానిదే రెండవ వరుస వేయకూడదు.

సమస్య: గ్రైండింగ్ చేశాక సూదిమొనంత చిల్లులు బయటపడడం

తుప్పు, నూనె, పాత రంగు మీదనే వెల్డింగ్ చేసినప్పుడు వాయువులు లోపల చిక్కుకుంటాయి. చిల్లులు పోయేదాకా తొలిచి మళ్లీ వెల్డింగ్ చేయడమే మార్గం. మూల అతుకులను అందం కోసం చదునుగా అరగదీస్తే బలం నిలిపే మందమే పోతుంది.

సమస్య: స్టెయిన్‌లెస్ స్టీలుపై నీలి చారలు, తుప్పు మచ్చలు

కారణం: మామూలు ఇనుముకు వాడిన బ్రష్‌నో డిస్క్‌నో దీనికీ వాడితే ఇనుప రేణువులు అంటుకుని తుప్పుపడతాయి. నీలి చారల కింద క్రోమియం తగ్గిన పొర ఉంటుంది.

పరిష్కారం: స్టెయిన్‌లెస్ బ్రష్‌ను, డిస్క్‌లను విడిగా గుర్తుపెట్టి దాచాలి. పైడిభీమవరం వైపు మందుల పరిశ్రమలకు పనిచేసే షెడ్లలో పిక్లింగ్ పేస్టు (అతుకు మరకలను కరిగించి తీసే ఆమ్లపు ముద్ద) అవసరమవుతుంది. అందులో సాధారణంగా నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాలు ఉంటాయి. రెండవది చర్మం లోపలికి ఇంకిపోయి, నొప్పి ఆలస్యంగా తెలిసినా లోలోపల తీవ్ర హాని చేస్తుంది. ఆమ్లానికి తట్టుకునే గ్లౌజులు, ముఖ కవచం, ధారాళంగా నీరు, కాల్షియం గ్లూకోనేట్ జెల్ దగ్గర లేనిచోట ఆ డబ్బా మూతే తీయకూడదు. ఒంటి మీద పడితే వెంటనే నీటితో కడిగి, జెల్ రాస్తూ ఆసుపత్రికి వెళ్లాలి. చిన్న పనులకు కొత్త ఫ్లాప్ డిస్క్‌తో నీలిరంగు తీసేసి, సిట్రిక్ ఆమ్ల ద్రావణంతో తుడిచి కడగడం చాలా వరకు సరిపోతుంది.

సమస్య: డిస్క్ పగలడం, ఊపిరాడకపోవడం

డిస్క్‌పై రాసిన వేగం గ్రైండర్ వేగానికి తగ్గకూడదు. కోత డిస్క్‌ను పక్కకు వాల్చి అరగదీయడానికి వాడితే అది పగిలి ముక్కలు దూసుకొస్తాయి. గార్డు తీసేసిన గ్రైండర్‌తో అవి నేరుగా ముఖానికే తగులుతాయి. క్లోరిన్ కలిసిన ద్రావకంతో తుడిచిన లోహంపై ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) పడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు కాబట్టి, అలాంటి ద్రావకాన్ని వెల్డింగ్ చోట వాడనే కూడదు. జింకు పూత ఉన్న పైపుకైతే అతుకు వేసే చోట ముందే పూత తీసేసి, గాలి ఆడేచోట పనిచేసి, శుభ్రం చేశాక జింకు ప్రైమర్ రెండు పూతలు వేయాలి.