మొదటి కీళ్ల బొమ్మా? మట్టి ముట్టుకోకండి, కాగితం తీయండి

బాల్ జాయింటెడ్ డాల్ అంటే గుండులాంటి కీళ్లతో కాళ్లూ చేతులూ కదిలే బొమ్మ. దీని లోపలంతా బోలుగా ఉంటుంది, ఎలాస్టిక్ తాడు బిగువు మీదే నిలబడుతుంది, కాబట్టి కీలు ఎక్కడ వస్తుందో ముందే తేల్చుకోకపోతే తర్వాత కోసుకుంటూ కూర్చోవాలి.

మొదటిదానికి 40 సెంటీమీటర్లు చాలు. ఇంకా చిన్నదైతే సులువనుకుంటారు గానీ వేళ్లు, మణికట్టు దగ్గరికొచ్చేసరికి చుక్కలు కనిపిస్తాయి. అసలు సైజులోనే ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి గీయండి, రెండింట్లోనూ మోకాలు, నడుము ఒకే ఎత్తులో ఉండాలి. ప్రతి కీలు దగ్గరా కంపాస్‌తో వృత్తం గీసి, ఆ గుండు కూర్చునే గుంట పైభాగంలోనా కిందిభాగంలోనా రాసుకోండి. మోకాలు, మోచేయి మడిచేటప్పుడు తాడు కదలడానికి సన్నటి చీలిక కావాలి, అది ఏ వైపుకో కూడా గుర్తు పెట్టండి. మడిచిన కాలు విడిగా గీసి చూడండి. నేను గీయలేదు, నా మొదటి బొమ్మ ఇప్పటికీ కూర్చోదు!

గాలికి ఆరే మట్టి కుంచించుకుపోతుంది. 10 సెంటీమీటర్ల పట్టీ చేసి ఆరబెట్టి కొలవండి, 9.5 వస్తే డ్రాయింగ్‌ని జిరాక్స్‌లో 105 శాతానికి పెంచండి.

తల వెనక భాగం మూతలా విడిగా రావాలి, కళ్లు లోపలి నుంచే పెడతాం, తాడు కొక్కెం కూడా అక్కడే తగిలిస్తాం.