బీరు నుంచి విస్కీ దాకా – 4వ పాఠం: పీపా నిండాలంటే ఎన్ని లీటర్లు?

గత పాఠంలో మాల్ట్‌ను (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని) వేడినీళ్లలో నానబెట్టి వర్ట్ అనే తీపి ద్రవం తీయడం దాకా వచ్చాం. ఈసారి నేర్చుకునేది ఒక్కటే లెక్క. ఒక పీపా నింపడానికి బ్రూవరీ ఎంత పులిసిన ద్రవం ఇవ్వాలి?

జడ్చర్ల వైపు ఒక చిన్న బ్రూవరీ, మిర్యాలగూడ దగ్గర ఒక డిస్టిలరీ ఉన్నాయనుకుందాం. బ్రూవరీకి పులియబెట్టే ట్యాంకులున్నాయి, స్టిల్ (కాచి ఆవిరి పట్టే పాత్ర) లేదు. డిస్టిలరీకి రాగి స్టిల్ ఉంది, పీపాలున్నాయి, బార్లీతో పని తెలిసినవాళ్లు లేరు. అమెరికాలో ఇలాంటి పొత్తుతోనే బోస్టన్ లాగర్ బీరును బెర్క్‌షైర్ మౌంటెన్ డిస్టిలర్స్ మూడుసార్లు కాచి ‘టూ లాంటర్న్స్’ అనే విస్కీ తెచ్చింది. ఐర్లండ్‌లో జేమ్సన్ విస్కీ వాళ్లది ఇంకో పద్ధతి. ఖాళీ పీపాలను కార్క్‌లోని ఫ్రాన్సిస్కన్ వెల్ బ్రూవరీకి పంపారు. వాటిలో స్టౌట్ అనే నల్ల బీరు ఊరాక పీపాలను వెనక్కి తెప్పించుకుని విస్కీ పోశారు. ఆ పద్ధతికి ఈ లెక్క అక్కర్లేదు.

ముందు కొలత. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉండి సాయంత్రానికి ఎందుకు పులుస్తుందో మన ఊళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఈస్ట్ చక్కెరను తినేసి ఆల్కహాల్ చేస్తుంది. ఆ చక్కెర ఎంత తగ్గిందో హైడ్రోమీటర్ చెబుతుంది. అది ద్రవంలో తేలుతూ సాంద్రత చూపే గాజు గొట్టం. మామూలు నీళ్లలో అది 1.000 చూపిస్తుంది, తీపి వర్ట్‌లో 1.060 లాంటి అంకె చూపిస్తుంది. పులియక ముందు అంకెలోంచి పులిశాక అంకెను తీసేసి 131.25తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది. ఇది ఉజ్జాయింపు సూత్రమే, కానీ బేరానికి సరిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. బీరు చేసేవాళ్లు వర్ట్‌ను హాప్స్ (చేదు, వాసన ఇచ్చే పూలు) వేసి గంటకు పైగా మరిగిస్తారు. ఆ వేడికి, పెద్ద చక్కెరలను ఈస్ట్ తినగలిగేలా విడగొట్టే మాల్ట్‌లోని ఎంజైములు చచ్చిపోతాయి. అప్పటికి విడిపోకుండా ఉన్న చక్కెరలు అలాగే మిగిలి, బీరు 1.012 దగ్గర ఆగుతుంది. తాగేవాళ్లకు ఆ మిగులే నోటికి నిండుగా అనిపిస్తుంది. స్కాచ్ పద్ధతిలో వర్ట్‌ను మరిగించరు. ఎంజైములు ట్యాంకులో కూడా పని చేస్తూనే ఉంటాయి కాబట్టి అంకె 1.000కి, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. దీన్ని వాష్ అంటారు.

1.060 దగ్గర మొదలైన బీరులో 0.048 × 131.25, అంటే 6.3 శాతం. అదే మాల్ట్‌తో చేసిన వాష్‌లో 0.060 × 131.25, దాదాపు 7.9 శాతం. వెయ్యి లీటర్లకు 63 లీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్ ఒకచోట, 79 లీటర్లు ఇంకోచోట. లీటరు బీరుకింత అని ధర కట్టి ఒప్పందం రాసుకుంటే డిస్టిలరీ మునిగినట్టే. నా మాట వింటే ధర స్వచ్ఛమైన ఆల్కహాల్ లీటరు మీదే కట్టండి. అప్పుడు మరిగించాలా వద్దా అన్నది బ్రూవరీ తన లాభం చూసుకుని తేల్చుకుంటుంది.

పీపా లెక్కకు వద్దాం. పీపా 200 లీటర్లది, 63.5 శాతం దగ్గర నింపుతున్నాం. కావాల్సిన ఆల్కహాల్ 127 లీటర్లు. కాచేటప్పుడు మొదట వచ్చేదీ చివర వచ్చేదీ పక్కకు తీసి నడిమి భాగాన్నే పీపాలో పోస్తారు కాబట్టి, ఆల్కహాల్‌లో 70 శాతం పీపాకు చేరుతుందనుకుందాం. 127ను 0.70తో భాగిస్తే సుమారు 181 లీటర్లు. దీన్ని పైన వచ్చిన ఆల్కహాల్ శాతంతో భాగించాలి. బీరైతే దాదాపు 2,880 లీటర్లు కావాలి. వాష్ అయితే 2,300 చాలు. 580 లీటర్ల తేడా, అదీ ఒక్క పీపాకే!

హాప్స్ సంగతి ఒక్క మాట. చేదు పదార్థాలు ఆవిరిలో దాదాపుగా రావు, వాసనిచ్చే నూనెలు వస్తాయి. హాప్స్ బీరును కాస్తే చేదు పోయి పూల, నిమ్మ వాసన మిగులుతుంది. కొందరికి అదే ఇష్టం. కానీ దాన్ని స్కాచ్ అనలేరు. ఇక గ్యాసున్న బీరును నేరుగా స్టిల్‌లో పోస్తే నురగ గొట్టాల దాకా ఎక్కుతుంది, ముందే గ్యాసు తీసేయాలి.

అభ్యాసానికి బీరూ వద్దు, స్టిల్లూ వద్దు. కుక్కర్‌కు గొట్టం తగిలిస్తే వచ్చేది విస్కీ కాదు, గుడుంబా కేసు. 150 గ్రాముల పంచదార ఒక కొలత జాడీలో వేసి, కరిగించి, మొత్తం ఒక లీటరు అయ్యేలా నీళ్లు పోయండి. 20 డిగ్రీల దగ్గర హైడ్రోమీటర్ సుమారు 1.058 చూపాలి. పాలమూరు ఎండల్లో గది 35 డిగ్రీలుంటే అదే నీళ్లు దాదాపు 0.004 తక్కువ చూపిస్తాయి. వేడికి ద్రవం పలచబడటమే కారణం. 20 డిగ్రీలకు చేసిన హైడ్రోమీటర్ అయితే ఆ 0.004 కలుపుకోండి. నమూనాను గ్లాసులో పోసి చల్లార్చి చూడటం ఇంకా మంచిది. తొందరపడి ట్యాంకు పక్కనే అంకె రాసుకుంటే బేరంలో మోసపోతారు.

ఇంటిపని: బ్రూవరీ ఇచ్చిన బీరు 1.052 దగ్గర మొదలై 1.010 దగ్గర ఆగింది. అదే పీపాకు, అదే 70 శాతం మీద ఎన్ని లీటర్లు కావాలి? జవాబు 5వ పాఠం మొదట్లో ఉంటుంది. ఆ తర్వాత నడిమి భాగాన్ని ఎక్కడ కోయాలో చూద్దాం.