సొంతంగా కట్టుకున్న విమానానికి ఎఫ్ఏఏ సర్టిఫికెట్: దరఖాస్తు విధానం

అమెరికాలో ఇంటి దగ్గర విమానం కట్టుకునేవాళ్లలో చాలామంది పని అంతా అయ్యాక ఫారాల సంగతి చూద్దాంలే అనుకుంటారు. దయచేసి అలా చేయకండి. ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చే ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్-బిల్ట్ (ఔత్సాహికులు సొంతంగా కట్టిన విమానం) సర్టిఫికెట్ రావాలంటే పనిలో సగానికి పైగా, అంటే అందరూ చెప్పుకునే 51 శాతం, నేర్చుకోవడానికో సరదా కోసమో ఔత్సాహికులే చేశారని చూపించాలి. ఆ రుజువు మొదటి రేకు కోసిన రోజు నుంచే పోగుచేసుకోవాలి.

అసలు పేచీ లోహపు పార్టుల దగ్గరే. ఇంజిన్, ప్రొపెల్లర్, చక్రాలు, బ్రేకులు, బోల్టులు కొనుక్కోవచ్చు, వాటితో ఇబ్బంది లేదు. కానీ ఒక బ్రాకెట్‌ని డబ్బిచ్చి బయట చేయిస్తే ఆ పని మీ లెక్కలోకి రాదు. మీరే చేస్తుంటే 2024-టీ3 అనే రకం అల్యూమినియం రేకు మీద మార్కింగ్ చేసినప్పుడు, కోసినప్పుడు, అంచులు ఆకురాయితో నున్నగా రుద్దినప్పుడు, వంచినప్పుడు ఫొటో తీసి తేదీ వేసి లాగ్‌లో (పని వివరాల పుస్తకంలో) రాయండి, కొన్ని ఫొటోల్లో మీరూ కనిపించాలి. అంచులు రుద్దడం మాత్రం తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్ కోసం కాదు, మీ ప్రాణం కోసం, ఎందుకంటే అక్కడ మిగిలిన చిన్న గాటు నుంచే పగులు మొదలవుతుంది. మరీ చిన్న రేడియస్‌తో వంచినా ఈ రేకు వంపు బయటివైపు చీలుతుంది. రేకు కొన్న బిల్లులూ ఆ లాగ్‌తోపాటే పెట్టండి.

ముందు రిజిస్ట్రేషన్: ఫారం 8050-1, విమానం మీదేనని ప్రమాణం చేస్తూ నోటరీ చేయించిన 8050-88, కిట్ (విడిభాగాల సెట్) కొని కట్టి ఉంటే దాని బిల్ ఆఫ్ సేల్. తర్వాత ఎయిర్‌వర్తీనెస్ (ఎగరడానికి తగినదన్న) సర్టిఫికెట్ కోసం దరఖాస్తు ఫారం 8130-6, మీరే కట్టారని చెప్పే 8130-12, మూడు వైపుల డ్రాయింగ్ లేదా ఫొటోలు, ఎక్కడ ఎగరేసి పరీక్షిస్తారో చెప్పే లెటర్. విమానం బరువు, అది ఎక్కడ కేంద్రీకృతమైందో చూపే వెయిట్ అండ్ బ్యాలెన్స్ కాగితాలూ సిద్ధంగా ఉండాలి. ఎఫ్ఏఏ ఇన్‌స్పెక్టర్ వస్తే ఫీజు ఉండదు, డీఏఆర్ అనే ప్రైవేటు ప్రతినిధి అయితే తీసుకుంటారు కాబట్టి ముందే మాట్లాడుకోండి. తనిఖీ రోజు కౌలింగ్ (ఇంజిన్ మీది కవరు), ప్యానెళ్లు తీసి ఉంచండి, ఎక్కే చోట ‘ఎక్స్‌పెరిమెంటల్’ అన్న అక్షరాలు కనీసం 2 అంగుళాల ఎత్తు ఉండాలి.

సర్టిఫికెట్ వచ్చినా వెంటనే ఇంట్లోవాళ్లని ఎక్కించుకోలేరు. సర్టిఫై అయిన ఇంజిన్-ప్రొపెల్లర్ జోడీ అయితే సాధారణంగా 25 గంటలు, కాకపోతే 40 గంటలు, నిర్ణయించిన ప్రాంతంలోనే ఎగరేసి పరీక్షించాలి. ఫారం 8610-3తో రిపేర్‌మన్ సర్టిఫికెట్‌కి కూడా పెట్టుకోండి, అది ఉంటే విమానం ఎగరడానికి బాగుందో లేదో ఏటా చూడాల్సిన కండిషన్ ఇన్‌స్పెక్షన్ మీరే చేసుకోవచ్చు. విమానం అమ్మేస్తే కొన్నవాళ్లకి ఆ హక్కు వెళ్లదు.